గోడకెక్కిన బొంత

మన తెలుగు పత్రికలకు ఒక అలవాటుంది. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే చాలు, మర్నాడు సంపాదకీయంలో 'అతుకుల బొంత' అన్న మాట పడాల్సిందే. ఢిల్లీలో 1989లో సంకీర్ణం వచ్చినప్పుడు విన్నాం, 1996లో విన్నాం, ఇప్పటికీ వింటూనే ఉన్నాం. అతుకుల బొంత అంటే నిలవనిది, నమ్మలేనిది, ఏ మూల ఎప్పుడు ఊడుతుందో చెప్పలేనిది అని వాళ్ల ఉద్దేశం.

మేము అడుగుతున్నాం. అయ్యా, మీరెప్పుడైనా బొంత మీద పడుకున్నారా? చలికి కప్పుకున్నారా? పోనీ ఒక్కసారైనా ఉతికారా? తడిసిన బొంతను ఒక్కరు ఎత్తలేరు. ఇద్దరాడవాళ్లు చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా తిప్పి పిండాలి. బండకేసి బాదాలి. అంత బాదినా ముందు చిరిగేది గుడ్డే, అతుకు కాదు. అతుకు దగ్గర గుడ్డ రెండు మడతలుంటుంది. దాని మీద కుట్టు ఉంటుంది. బొంతలో గట్టి చోటు అతుకే. ఈ సంగతి బొంత కప్పుకున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. సంపాదకీయాలు రాసేవాళ్లకు తెలియదు.

తిట్లు ఊరికే పుట్టవు. ఎవరింట్లో ఏది ఉండదో అదే వాళ్ల నోట్లో తిట్టవుతుంది. చెప్పులు కుట్టేవాడి పేరు, గొర్రెలు కాసేవాడి పేరు, క్షౌరం చేసేవాడి పేరు ఈ భాషలో తిట్లుగా మారినట్టే మా ఇంటి పక్కగుడ్డ కూడా తిట్టయింది.

బొంతను చూడని పాఠకులు కూడా ఇప్పుడున్నారు కాబట్టి దాని సంగతి కాస్త చెప్పుకుందాం. ఉర్దూ మాట్లాడే మా ఇళ్లలో దాన్ని గోదడీ అంటారు, గుద్డీ అంటారు. తెలుగు మాట్లాడే మా ఇళ్లలో బొంతే. చిరిగిన నూలు చీరలు, లుంగీలు, పంచెలు, పిల్లలకు పొట్టయిన చొక్కాలు, దర్జీ దుకాణంలో కాళ్లకింద పడే ముక్కలు, ఇవన్నీ దానికి సరుకు. ముందు వాటిని ఉతికి ఎండలో ఆరేస్తారు. గుండీలు, హుక్కులు కోసి డబ్బాలో దాస్తారు. వాటికి మళ్లీ పనుంటుంది. కాస్త గట్టిగా ఉన్న చీరను నేలమీద అస్తర్‌గా పరుస్తారు. దానిమీద నలిగిన గుడ్డలు పొరలు పొరలుగా, ఎత్తుపల్లాలు రాకుండా పేరుస్తారు. ఆపైన పైగుడ్డ. ఒక నిండు చీర దొరికితే చీర, లేకుంటే ముక్కలన్నీ కలిపి అతికిన గుడ్డ. మూలల మీద రోకలో, పొత్రమో, నీళ్ల బిందో బరువు పెట్టి ముడతలు లాగుతారు. దూరం దూరంగా కచ్చా కుట్టు వేసి గుడ్డల్ని కదలకుండా బిగిస్తారు. ఆ తర్వాత అసలు కుట్టు. పెద్ద సూది, నాలుగు పోగులు కలిపిన దారం. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ వరస పక్కన వరస వేసుకుంటూ నడిమికి రావాలి. అన్ని పొరల్లోంచీ సూది దిగిందో లేదో అడుగున పెట్టిన ఎడమచేతి వేలికి తెలుస్తుంది. ఎట్లా తెలుస్తుందని అడక్కండి. గుచ్చుకుంటే తెలుస్తుంది. బొంతలు కుట్టిన మా దాదీల ఎడమచేతి వేలి కొసలు ముట్టుకుని చూడండి. గరుకు కాగితంలా ఉంటాయి.

కింద పరిస్తే పక్క. పైన వేసుకుంటే దుప్పటి. చుట్టం వస్తే కూర్చోబెట్టే చాప. జొన్నల బస్తాల మీద, ఎద్దుబండి మీద, బిడ్డ ఉయ్యాల్లో, బాలింత మంచం మీద అన్నిచోట్లా అదే. మాలో బిడ్డ పుట్టగానే తల్లివో అమ్మమ్మవో పాత చీరలతో కుట్టిన చిన్న బొంతలో చుడతారు. కొత్తగుడ్డ పసిచర్మానికి గరుకు. ఎన్నో ఉతుకుల పాతగుడ్డే మెత్తన. మనిషి పోయినప్పుడు మాత్రం కఫన్ కుట్టులేని తెల్లగుడ్డ. అంటే మేము వందల కుట్ల మధ్యకు వస్తాం, ఒక్క కుట్టూ లేకుండా పోతాం. ఈ రెంటి నడుమ బతుకంతా కుట్టుకోవడమే.

మా మతం చెప్పినదీ ఇందుకు భిన్నంగా లేదు. ప్రవక్త తన చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ, తన బట్టలు తానే కుట్టుకునేవారనీ ఆయిషా చెప్పిన హదీసు మాకు చిన్నప్పుడే వినిపించారు. ఖలీఫా ఉమర్ అతుకుల అంగీ తొడుక్కుని తిరిగాడని చెప్పారు. సూఫీ ఫకీర్ల ఖిర్ఖా అతుకులదే. మణి దొరికేది చింకిబొంతలోనేనని ఉర్దూలో సామెతే ఉంది. మరి ఏ మతం పేరు చెప్పి మా పెద్దలు ఇంటికి చుట్టాలు రాగానే బొంతను మంచం కిందికి తోస్తున్నారు?

ఇక్కడ దూదేకుల మాట రావాలి. మాలో చాలామందిమి ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, నారి మీద కర్రతో కొడుతూ దూది ఏకి, పరుపులూ రజాయిలూ నింపిన తాతల మనవలం. అరబ్బీలో హల్లాజ్ అంటే దూదేకేవాడు. 922లో బాగ్దాదులో ఉరికంబమెక్కించిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది ఈ వృత్తే. అందుకే ఉత్తరాది దూదేకులవాళ్లు తమను మన్సూరీలని చెప్పుకుంటారు. కర్ణాటకలో పింజారులు, నదాఫులు. మన దగ్గర దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. ఈ పేర్లన్నీ బీసీ-బి జాబితాలో ఒకే వరసలో కనిపిస్తాయి.

ఊరందరి పరుపులకు దూది ఏకిన మా తాత దేనిమీద పడుకున్నాడు? బొంత మీద. దూది రజాయి దొరగారి మేడలోకి, దేవిడీలోకి పోయింది. ఏకినవాడికి పాతగుడ్డలు మిగిలాయి. ఒంటికీ గడ్డానికీ అంటుకున్న దూదిపింజలు దులుపుకుని వచ్చి పాతగుడ్డల మీద పడుకున్నాడు. ఇందులో తెలియని రహస్యమేమీ లేదు. నేసినవాడికి బట్ట లేదు, పండించినవాడికి కూడు లేదు అని అభ్యుదయ సాహిత్యం చెబుతూనే ఉంది. అయితే ఆ 'వాడు' సాయిబు కూడా కావచ్చునని ఆ సాహిత్యంలో ఎంతమందికి తట్టింది? అందులో సాయిబు కనిపిస్తే నవాబుగా, రజాకారుగా, కాకుంటే టాంగా తోలుతూ నవ్వించే పాత్రగా కనిపించాడు.

ఒక సంగతి చెబుతాం. మాకు జరిగినదే. ఒక పట్టణంలో హస్తకళల ప్రదర్శన పెట్టారు. మా ఖాలాలు కుట్టిన బొంతలు రెండు తీసుకుని వెళ్లాం. నిర్వాహకులు ముచ్చటపడ్డారు. రంగుల కూర్పు చూసి ఆహా అన్నారు. తీసుకుపోయి గోడకు వేలాడదీశారు, కింద దీపాలు పెట్టారు. మర్నాడు వెళ్లి చూస్తే పక్కన ఒక చీటీ ఉంది. 'గ్రామీణ తెలుగు మహిళల కళ' అని రాశారు. కుట్టినవాళ్ల పేర్లు లేవు. అడిగాం. "పేర్లెందుకండీ, ఇది జానపద కళ కదా, అందరిదీ" అన్నారు. మా వాళ్లు ముస్లింలనైనా రాయండి అన్నాం. ఆ పెద్దమనిషి ఎంతో మర్యాదగా చెప్పాడు: "ముస్లిం కళలకు అటువైపు వేరే స్టాలుందండీ."

వెళ్లి చూశాం. అత్తరు, ముత్యాలు, బిద్రీ హుక్కా, పాన్‌దాన్, ఒక తివాచీ. అంతే. మాలో ఒక్కరింట్లోనూ లేనివన్నీ అక్కడ ఉన్నాయి. మా ప్రతి ఇంట్లో ఉన్నది మాత్రం మా పేరు లేకుండా ఇంకో గోడ మీద ఉంది.

మిత్రులారా, మా తగాదా అంతా ఈ రెండు స్టాళ్ల దగ్గరే ఉంది. మీరు మాకిచ్చే సంస్కృతి మాది కాదు. మా సంస్కృతిని తీసుకునేటప్పుడు మా పేరు కోసేస్తారు. గుండీలు కోసి డబ్బాలో వేసినట్టు.

తివాచీ మీద మాకు కోపం లేదు. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శన దాకా పోయాయి. ఏలూరు తివాచీలను తరాల తరబడి ముడివేసింది ముస్లిం నేతగాళ్లే. ఆ చేతులూ పేద చేతులే. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషించాం. మా కోపమల్లా తివాచీ మీద కూర్చున్నవాణ్ణి మాత్రమే ముస్లిం అనడం మీద. 2007లో ముస్లింలలోని వెనకబడిన తరగతులకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన బీసీ-ఇ జాబితా తీసి చదవండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, హజామ్‌లు, గారడీవాళ్లు, ఫకీర్లు, ఎలుగుబంటిని ఆడించి బతికినవాళ్లు. నవాబు వేషం మా మీద ఎంత వదులుగా వేలాడుతుందో ఆ ఒక్క కాగితమే చెబుతుంది.

బెంగాల్‌లో ఇదే బొంతను కాంథా అంటారు. 1929లో జసీముద్దీన్ 'నక్షీ కాంథార్ మాఠ్' అనే కావ్యం రాశాడు. అందులో ఒక పేద పల్లె ఆడపిల్ల తన కథంతా కాంథా మీద కుట్టి, చనిపోయాక తన సమాధి మీద పరవమంటుంది. బీహారులో సుజనీకి, పశ్చిమ బెంగాల్‌లో నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపులున్నాయి. సింధులో రల్లీ, మరాఠీ పల్లెల్లో గోధడీ. కర్ణాటకలో ఆఫ్రికా సంతతి సిద్దీ స్త్రీలు కవంది కుట్టి, నాలుగు మూలలకూ గుడ్డతో మడిచిన పువ్వులు పెట్టనిదే పని ముగిసిందనుకోరు. వాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. కవంది అందరిదీ. అందరి పేర్లూ చెప్పి మరీ అందరిదీ అంటారు. పాతగుడ్డకు బెంగాలీ భాష ఒక కావ్యం ఇచ్చింది. తెలుగు భాష ఒక తిట్టు ఇచ్చింది.

మాకు ఎదురయ్యే వాదాలు రెండున్నాయి. దాటవేయం.

ఒకటి: బొంత హిందూ ఇళ్లలోనూ కుడతారు కదా, దాన్ని ముస్లింలదని ఎలా అంటారు? నిజమే, కుడతారు. మాల మాదిగ వాడల్లో కుడతారు. లంబాడీ తండాల్లో పాతగుడ్డ మీద పని ఎంత అందంగా ఉంటుందో అందరికీ తెలుసు. మా అమ్మీలు బొంత పరిచి కూర్చుంటే నాలుగో కొస పట్టింది పొరుగింటి హిందూ అక్కలే. బొంత మాది మాత్రమే అని మేము ఎన్నడూ అనలేదు. మేమూ ఉన్నాం అంటున్నాం. ఈ రెండు మాటలకూ తేడా తెలియనట్టు నటించేవాళ్లతోనే మా పేచీ. అందరిదీ అన్నప్పుడు మా పేరు పోతుంది. మాది అన్నప్పుడు మాకు వేర్పాటువాదమని ముద్ర పడుతుంది. ఈ దేశంలో ఇంకెవరికైనా ఈ రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటాయా?

రెండోది: బొంత పేదరికపు గుర్తు, దాన్ని కీర్తిస్తారా? ఈ ప్రశ్న బయటివాళ్లకంటే మావాళ్లే ఎక్కువ అడుగుతారు. కొత్తగా గల్ఫ్ డబ్బు చూసిన ఇంట్లో మొదట బయటికి పోయేది బొంతే. కూతురి పెళ్లికి జహేజ్‌లో ఫోమ్ పరుపు లేకుంటే పరువు లేదు. ఉర్దూ రాని దూదేకుల ఇంటి పిల్లను చేసుకోవడానికి వెనకాడే సయ్యదులూ పఠాన్‌లూ, 'మనం వాళ్లలా బొంతలు కుట్టుకునేవాళ్లం కాదు' అని చెప్పుకుంటారు. ఇస్లాంలో కులం లేదని వేదికెక్కి చెప్పేదీ వాళ్లే. ఆ వరసలో మమ్మల్ని ఎక్కడ నిలబెట్టారో మాకు తెలుసు.

మా జవాబు ఇదీ. పేదరికాన్ని మేము కీర్తించం. చలికి వణికినవాళ్లం, దాన్ని ఎట్లా కీర్తిస్తాం? మా ఆడపిల్లలు గుడ్డి దీపం కింద కూర్చుని కళ్లు పోగొట్టుకోవాలని కోరం. వాళ్లు చదవాలి, ఉద్యోగాలు చెయ్యాలి, మెత్తటి పరుపుల మీదే పడుకోవాలి. పేదరికం సిగ్గుపడాల్సిన సంగతే, అయితే సిగ్గుపడాల్సింది దాన్ని మా నెత్తిన పెట్టినవాళ్లు. ఆ లేమిలోనే, పారేసిన గుడ్డల్లోంచే, వెచ్చగా ఉండేదీ కంటికి ఇంపైనదీ ఒకటి చెయ్యగలిగిన తెలివి మాత్రం మా అమ్మలది. లేమి పోవాలి. తెలివికి లెక్క ఉండాలి.

ఆ లెక్క ఇవాళ లేదు. 2006లో సచార్ కమిటీ తేల్చిన సంగతి చూడండి. పనిచేసే ముస్లిం స్త్రీలలో దాదాపు 70 శాతం ఇంట్లోనే కూర్చుని పని చేస్తున్నారు. మొత్తం స్త్రీలలో అది 51 శాతం. జరీ, బీడీ, అగరుబత్తి, కుట్టుపని. ఇల్లే కార్ఖానా. కరెంటు బిల్లు వాళ్లదే, సూది వాళ్లదే, నడుంనొప్పి వాళ్లదే. ముక్కకింత అని కూలి నిర్ణయించేది దళారి. ఇక బొంతయితే ఆ లెక్కలోకి కూడా రాదు. ఇంటికోసం కుట్టేది కాబట్టి అది పనే కాదు! ఇంట్లో మగాణ్ణి "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే, ఎదురుగా ఆమె బొంత మీద వంగి కుడుతూ ఉండగానే "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. ఆ మగాడు మాలోనూ ఉన్నాడు. ముందు మా నోరు కడుక్కుంటాం.

ఇక బొంత తగ్గిపోతున్నదెందుకు? ఫ్యాషన్ మారి మాత్రమే కాదు. నూలు చీర పోయి నైలెక్స్, పాలిస్టర్ వచ్చాయి. పాలిస్టర్ బొంతకు పనికిరాదు. జారుతుంది, చెమట పీల్చదు. మిగిలిన పాతబట్టలు స్టీలు సామాను అమ్మేవాళ్ల మూటలోకి పోయాయి. విల్లు పట్టిన చేతులు ఏకే యంత్రాల ముందు, ఆ తర్వాత ఫోమ్ పరుపుల ముందు ఓడిపోయాయి. మరోపక్క పెద్ద కార్ఖానాల గుడ్డపేలికలనే మగ్గాల మీద 'చిందీ దరీ'లుగా నేసి విదేశాలకు పంపుతున్నారు. అక్కడ వాటిని కళగా కొంటున్నారు. పాతగుడ్డను గౌరవించడం లోకానికి తెలియక కాదన్నమాట. మా చేతిలో ఉన్నప్పుడు మాత్రమే అది చింకిపాత.

చివరికి అసలు మాట. ఈ దేశం ఒకే గుడ్డ, ఒకే రంగు, ఒకే నేత అని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల కంటికి అతుకు కనబడితే కత్తెర గుర్తొస్తుంది. 1992 డిసెంబరు 6 తర్వాత ఆ కత్తెర చప్పుడు మాకు నిద్రలోనూ వినిపిస్తూనే ఉంది. వాళ్లతో వాదించడానికి ఈ వ్యాసం రాయలేదు. మేము మాట్లాడుతున్నది మా పక్కన కూర్చునే లౌకిక మిత్రులతో. మీరు సభల్లో ఈ దేశం రంగురంగుల బొంత అంటారు. వినడానికి బాగుంటుంది. అయితే ఆ బొంతలో మేమొక ముక్కమని మాత్రమే చెబుతారు. పచ్చటి ముక్క. రంజాన్‌కు ఇఫ్తార్ విందులో కనిపించే ముక్క. ముక్కకు చేతులుండవు. ఎవరో తెచ్చి ఎక్కడో అతికితే అతుక్కుని ఉండటమే దాని పని.

మేము ముక్కలం కాదు. కుట్టేవాళ్లం. ఈ నేల గుడ్డలో మా దారం ఉంది. మా వేళ్ల నెత్తురు చుక్కలున్నాయి. పైకి కనిపించే రంగుముక్కగా కాక, బరువంతా మోసే అస్తర్‌గా అడుగున ఉన్నాం. బొంతను తిరగేసి చూడందే అస్తర్ కనిపించదు. తిరగేసి చూడమంటున్నాం.

మేము అడిగేవి పెద్దవేమీ కావు. మా బొంతను గోడకెక్కిస్తే కుట్టినామె పేరు కింద రాయండి. ఆమె మతం దాచకండి. ఆమె రోజులకు కూలి కట్టండి. మా సంస్కృతి గురించి పిల్లల పాఠం రాసేటప్పుడు చార్మినార్ పక్కన ఒక దూదేకుల విల్లు, ఒక బొంత సూది కూడా గీయండి. మావాళ్లకూ ఒక మాట: చుట్టాలొస్తే బొంతను మంచం కిందికి తొయ్యకండి. పరిచి దానిమీదే కూర్చోబెట్టండి.

ఇక సంపాదకీయాలు రాసే అయ్యలకు. మళ్లీ ఎప్పుడైనా 'అతుకుల బొంత' అని రాయబోయే ముందు ఒకసారి మా ఇంటికి రండి. నీళ్ల తొట్టిలో నానబెట్టిన బొంత ఒకటి ఉంటుంది. ఆ కొస మీరు పట్టుకోండి. ఈ కొస మేము పట్టుకుంటాం. బాగా తిప్పి పిండండి. ఏ అతుకు ఊడుతుందో చూద్దాం.